షెఫీల్డులో గట్టు తగాదా

ఇంగ్లండులో మా అమ్మాయి ఉండే షెఫీల్డు చేరిన రెండో రాత్రి మూడున్నరకే మెలకువ వచ్చేసింది. మన ఊళ్లో అప్పటికి ఉదయం ఎనిమిది. ఒళ్లు ఇంకా కోనసీమ టైములోనే ఉంది మరి. వంటింట్లోకి దిగి మంచినీళ్లు తాగుతుంటే బయట పిట్ట పాడుతోంది. సన్నటి గొంతు. పైనుంచి జారుతూ కిందికి వచ్చి, కాస్త ఆగి, మళ్లీ ఇంకో వరసలో ఎత్తుకుంటోంది.

తెల్లారబోతోందనుకుని స్నానానికి గీజరు వేశాను. చప్పుడికి అల్లుడు లేచి వచ్చాడు. "మావయ్యగారూ, అక్టోబరులో ఇక్కడ ఏడున్నరకి గాని తెల్లారదు. పడుకోండి" అన్నాడు. పిట్ట సంగతి అడిగితే, "అది రాబిన్. దానికి రాత్రీ పగలూ లేదు" అని ఆవలించుకుంటూ వెళ్లిపోయాడు.

పొద్దున్న అమ్మాయి పెరటి కంచె మీద చూపించింది. పిచ్చుకంత ఉంది. వీళ్లు ఎర్రరొమ్ము పిట్ట అంటారు గానీ నా కళ్లకి అది కమలాపండు రంగే. ఆకులు రాలే కాలంలో ఈ పాటేమిటో నాకు అర్థం కాలేదు. మన దగ్గర మామిడి పూత వస్తే కోయిల గొంతు విప్పుతుంది. దసరాకి కోయిల కూత విన్న గుర్తు నాకు లేదు. పాటంటే వసంతం, వసంతమంటే జోడీ కోసం పిలుపు. చిన్నప్పటి నుంచీ అలాగే వింటూ వచ్చాం.

ఆ వారంలోనే ఇక్కడి బొటానికల్ గార్డెన్స్‌కి వెళ్లాం. 1836లో తెరిచిన తోట. పొడుగాటి అద్దాల మండపాలు, ఒకప్పుడు ఎలుగుబంట్లని ఉంచిన రాతి గొయ్యి ఉన్నాయి. టికెట్టు లేదు. మా ఆవిడ అద్దాల గదుల్లో మొక్కలు చూస్తూ ఉండిపోయింది. నేను బెంచీ మీద కూర్చుంటే పక్కన బైనాక్యులర్స్ వేలాడేసుకున్న పెద్దాయన ఉన్నాడు. రాబిన్ గురించి అడగడమే ఆలస్యం, గంటసేపు వదల్లేదు.

జూలై, ఆగస్టుల్లో రాబిన్ ఈకలు రాల్చుకుంటూ నోరు మూసుకుని ఉంటుందట. కొత్త ఈకలు రాగానే మళ్లీ మొదలు. ఈసారి పాట జోడీ కోసం కాదు, జాగా కోసం. వసంతంలో కలిసి పిల్లల్ని పెంచిన ఆలుమగలు విడిపోయి, చలికాలానికి తిండి దొరికే చెరో చెక్క పట్టుకుంటాయి. ఆడదీ పాడుతుంది. అది విని నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఎదుటిది సరిహద్దు దాటిందా, కొన్నిసార్లు చచ్చేదాకా పోట్లాట. 1930లలో డెవాన్‌లోని డార్టింగ్టన్‌లో డేవిడ్ లాక్ అనే స్కూలు మాస్టారు కాళ్లకి రంగు కడియాలు తొడిగి ఈ పిట్టల్ని ఏళ్ల తరబడి గమనించాడట. ఉత్త ఎర్ర ఈకల కుచ్చు పెట్టినా దాని మీదికి ఎగబడ్డాయట!

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పక్క చేనువాళ్లతో ఆయనకి ముప్పై ఏళ్లు గట్టు తగాదా. సర్వేయరు గొలుసు పట్టి కొలిచి రాళ్లు పాతినా, ఏటా తొలకరికి గట్టు మీద నిలబడి ఒక దండకం చదవాల్సిందే. ఆ దండకానికి ఇంత మంచి రాగం ఉంటే ఊరంతా కూర్చుని వినేది.

రాత్రి పాట సంగతీ పెద్దాయనే చెప్పాడు. ఈ ఊరి విశ్వవిద్యాలయం వాళ్లే 2007లో తేల్చారట: రాబిన్లు రాత్రి పాడే చోట్ల పగలు రొద ఎక్కువ. వీధి దీపాల వెలుగు కన్నా ఆ రొదతోనే లెక్క బాగా కుదిరిందట. అమ్మాయి ఇంటి ముందు నుంచే బస్సులు పోతాయి. పగలంతా ఇంజన్ల గోల, ఇక పాపం ఎప్పుడు పాడాలి?

ఆ తర్వాత నా చెవులు మారిపోయాయి. పొగగొట్టం మీద స్టార్లింగ్ (మన గోరింకల చుట్టమే) ఒకసారి అచ్చం కారు అలారంలా కూసింది. అల్లుడు తాళాలు పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

బయల్దేరే ముందు సాయంత్రం పెట్టెలు సర్దేసి పెరటి గుమ్మంలో కూర్చున్నాం. మా కంచె మీద ఒక రాబిన్, పక్కింటి ఆపిల్ చెట్టు మీద ఇంకొకటి. ఒకటి ఆపగానే రెండోది అందుకుంటోంది.

"ఇంకా తేల్చుకోలేదా వీళ్లు?" అంది మా ఆవిడ.

"సర్వేయరు రావాలి" అన్నాను.