భయంతోనే ప్రార్థించిన రోజులు

నా భార్య న్యుమోనియా ముదిరి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోజుల్లో నేను ఎలా ప్రార్థించానో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు చెప్పాను. కానీ సాక్ష్యంలో మామూలుగా మొదలూ చివరా మాత్రమే ఉంటాయి. జబ్బు చేసింది, ప్రార్థించాం, దేవుడు స్వస్థపరిచాడు. మధ్యలో గడిచిన రాత్రుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇప్పుడు అలాంటి రాత్రుల్లో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

చిన్నప్పటి నుంచీ ప్రార్థన అలవాటున్నవాణ్ణి. నలుగురిలో ప్రార్థించమంటే మాటల కోసం ఎప్పుడూ తడుముకోలేదు. "ఊపిరితిత్తులు సహకరించడం లేదు, ట్యూబ్ వేయాలి, ఇక్కడ సంతకం పెట్టండి" అని డాక్టర్ అన్న దగ్గర నుంచి ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. కళ్లు మూసుకుంటే మానిటర్ మీది అంకెలే కనిపించేవి. ఆక్సిజన్ 88, మళ్లీ 86, కాసేపటికి 90. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టేవాణ్ణి. రెండో వాక్యానికి వచ్చేసరికి లోపల మోగిన అలారం తనదేనా, పక్క బెడ్‌దా అన్న ఆలోచనలో పడిపోయేవాణ్ణి. గుండెదడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పినట్టు ఉండటం. శరీరం మొత్తం భయపడుతోంది. మనసు ఒక్కదాన్నే ప్రార్థనలో కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు.

ఆ పరిస్థితిలో మొదట దొరికిన ఆసరా రెండవ దినవృత్తాంతములు 20వ అధ్యాయం. మోయాబీయులు, అమ్మోనీయులు కూడబలుక్కుని యూదా మీదికి వస్తున్నారని రాజైన యెహోషాపాతుకు కబురు అందుతుంది. ఆయన భయపడ్డాడని బైబిల్ దాచకుండా చెబుతుంది. భయపడ్డాడు, దేవుణ్ణి వెదకడానికి మనసు నిలుపుకున్నాడు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. ముందు భయం తగ్గించుకుని, ఆ తర్వాత తీరుబడిగా దేవుడి దగ్గరికి వెళ్లలేదు. ప్రజలందరి ముందు నిలబడి ఆయన చేసిన ప్రార్థన చివర్లో రాజుల నోట సాధారణంగా రాని మాటలు ఉన్నాయి. మాకు శక్తి చాలదు, ఏం చేయాలో మాకు తోచడం లేదు, నీవే మాకు దిక్కు. ఆ రాత్రి నేను చేయగలిగిన ప్రార్థన అదే. ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చుని "ఏం చేయాలో తోచడం లేదు ప్రభువా, నువ్వే దిక్కు" అని తెల్లవారేదాకా అంటూనే ఉన్నాను.

మా కోసం వచ్చినవాళ్లలో ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "భయపడకూడదు బ్రదర్, భయం ఉన్నచోట విశ్వాసం ఉండదు" అన్నారు. ప్రేమతోనే అన్నారు, దూరం నుంచి వచ్చి మరీ అన్నారు. కానీ ఆ మాట విన్నాక నా భయానికి తోడు ఇంకో భయం చేరింది. నేను భయపడుతున్నాను కాబట్టి ప్రార్థన పనిచేయదేమో, నా వల్లే తనకేమైనా అవుతుందేమో అని. ఆపదలో ఉన్న మనిషితో ఈ మాట అనవద్దని నేను గట్టిగా కోరుకుంటున్నాను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే ప్రాణం పోయేంత దుఃఖంలో ఉన్నానని శిష్యులతో చెప్పుకున్నాడు. తనతో మెలకువగా ఉండమని అడిగాడు. అదే ప్రార్థన మూడుసార్లు అవే మాటలతో చేశాడని మత్తయి రాశాడు. ఆయన చెమట రక్తబిందువుల్లా నేల మీద పడిందని లూకా రాశాడు. పాపం లేని వాడికే ఒళ్లంతా అలా వణికిపోతే, నా అరచేతుల చెమట అవిశ్వాసానికి రుజువు ఎలా అవుతుంది?

గలిలయ సముద్రం మీద తుపాను సంగతి కూడా అప్పుడే కొత్తగా చదివాను. మార్కు సువార్తలో శిష్యులు యేసును నిద్రలేపి అన్నది భక్తిగా కూర్చుకున్న మాట కాదు. మేం చచ్చిపోతున్నాం, నీకు పట్టదా అనే అడిగారు. ఆయన ముందు లేచి గాలిని గద్దించాడు, ఎందుకు భయపడుతున్నారని ఆ తర్వాత అడిగాడు. అలా కేకలు వేసి లేపినందుకు వాళ్లను పడవలోంచి దించెయ్యలేదు.

కీర్తనల దగ్గరికి నన్ను నడిపించింది మా అత్తయ్య. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, కానీ కీర్తనలు చాలా వరకు కంఠతా వచ్చు. నేను ఎప్పుడూ 23, 91 లాంటివే చదివేవాణ్ణి. ఆవిడ 13వ కీర్తన తీసి నా చేతిలో పెట్టారు. ఆరు వచనాలే. ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు, ఎంతకాలం నీ ముఖం దాచుకుంటావు అని దావీదు మొదటి రెండు వచనాల్లో అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఆరో వచనానికి వచ్చేసరికి పాడతానంటాడు. మధ్యలో పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదు. ఇలాంటి మొర కీర్తనలు చాలా ఉన్నాయి. 22 ఉంది, సిలువ మీద యేసు నోట వచ్చింది దాని మొదటి మాటే. 42 ఉంది, 77 ఉంది. 88 అయితే చివరి దాకా వెలుగే లేదు, చీకటితోనే ముగుస్తుంది. అలాంటి దాన్ని కూడా దేవుడు తన వాక్యంలో ఉండనిచ్చాడు. సొంత మాటలు రానివాళ్లకు అవి అరువిచ్చిన మాటలు. రోజుకొకటి తీసుకుని, పెదవులు కదిలేలా మెల్లగా చదివేవాణ్ణి. చదవలేనప్పుడు ఊపిరి తీసుకుంటూ "యేసు ప్రభువా", వదులుతూ "నన్ను కరుణించు" అనేవాణ్ణి. తూర్పు దేశాల సంఘాల్లో శతాబ్దాలుగా ఇలాంటి చిన్న ప్రార్థన చేస్తున్నారు. దడ ఎక్కువైనప్పుడు నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది అదే, ఎందుకంటే దానికి ఆలోచన అక్కర్లేదు.

సాయంత్రం కాసేపు లోపలికి పంపేవాళ్లు. చేతులు కడుక్కుని, మాస్కు, గౌను వేసుకుని వెళ్లాలి. తన నోట్లో ట్యూబు, దాన్ని కదలకుండా పట్టి ఉంచే టేపు చెంపల మీద అంటుకుని ఉండేది. వేలికి ఆక్సిజన్ క్లిప్పు. చేతులు వాచి, ఉంగరం తీసేసి నాకిచ్చారు. మత్తులో ఉన్నా వినబడుతూ ఉండొచ్చు, మాట్లాడండి అని నర్సు చెప్పింది. ఏం మాట్లాడాలో తెలియక చెవి దగ్గర 23వ కీర్తన చదివాను. గాఢాంధకారపు లోయ దగ్గరికి రాగానే గొంతు పట్టేసింది. ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. వెంటిలేటర్ తన ఛాతీని ఎత్తి దించుతున్న లయలోనే నా మాటలూ సాగేవి. బయట ఎంత ప్రయత్నించినా నిలవని మనసు అక్కడ నిలిచింది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక దశలో నా వల్ల కాలేదు. సంఘం గ్రూపులో ఒకటే లైను పెట్టాను: "నేను ప్రార్థించలేకపోతున్నాను, దయచేసి నా బదులు మీరు చేయండి." మార్కు 2వ అధ్యాయంలో పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందు దించుతారు. యేసు చూసింది "వారి" విశ్వాసాన్ని అని రాసుంది. మంచం మీదున్నవాడు అసలేమైనా అడిగాడో లేదో రాయలేదు. మా వాళ్లు రాత్రిని గంటల చొప్పున పంచుకున్నారు. "ఇప్పుడు మా వంతు, మీరు పడుకోండి" అని మెసేజ్ వచ్చేది. అత్తయ్య కూడా, "బాబూ, మీరు కాసేపు నడుం వాల్చండి, ఈ పూట నేను ఆయనతో మాట్లాడతాను" అనేవారు. కూతురు లోపల ఉన్న తల్లి నాతో ఆ మాట అంటున్నారు. నేను నిద్రపోయాను. ఆ నిద్ర లేకపోతే నేను కుప్పకూలేవాణ్ణే.

మందులా, ప్రార్థనా అని అడిగేవాళ్లు కూడా ఎదురయ్యారు. ఈ ప్రశ్న మీద నాకు అంత ఓపిక లేదు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు, అదే సందర్భంలో పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు. ఆ ముద్ద పెట్టిన చేతులూ దేవుడివే.

మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఒక రాత్రి ఫోన్లో, "అమ్మ రాకపోతే దేవుడి మీద కోపం తెచ్చుకోవచ్చా నాన్నా?" అని అడిగింది. తెచ్చుకోవచ్చు, కానీ ఆయనతో మాట్లాడటం మాత్రం మానకు, కోపంగానే మాట్లాడు అన్నాను. కాసేపు ఊరుకుని, "సరే, అయితే ఇప్పుడే మాట్లాడతాను" అని ఫోన్ పెట్టేసింది.

నేను ఎప్పటికీ దాటవేయలేని సంగతి ఒకటి ఉంది. పక్క బెడ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన కూతురూ విశ్వాసే. బయట హాల్లో నా పక్క కుర్చీలోనే ఉండేది. ఇద్దరం కలిసి ప్రార్థించాం, ఒకే కీర్తనలు చదువుకున్నాం. వాళ్ల నాన్నగారు చనిపోయారు. మా ఆవిడ బతికింది. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి "దేవుడు మా ప్రార్థన విన్నాడు" అని నేను ఎలా అనగలను? ఆమె ప్రార్థన వినలేదనా?

దీనికి జవాబు నా దగ్గర లేదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం మాత్రం ఉంది. హేరోదు రాజు యేసు శిష్యుడూ యోహాను సహోదరుడూ అయిన యాకోబును కత్తితో చంపించాడు. తర్వాత ఇంకో శిష్యుడైన పేతురును పట్టుకుని చెరసాలలో వేయించాడు. పేతురు కోసం సంఘం ఆసక్తితో ప్రార్థించింది, దేవదూత వచ్చి విడిపించాడు. ఒకే అధ్యాయం, ఒకే సంఘం, ఒకే దేవుడు. యాకోబు ఎందుకు పోయాడో, పేతురు ఎందుకు మిగిలాడో ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క మాట కూడా వివరించలేదు. ఇంకో విషయం, పేతురు వచ్చి తలుపు తడితే రొదే అనే చిన్నది సంతోషంతో తలుపు తీయడం కూడా మరిచి లోపలికి పరుగెత్తి చెప్పింది. ప్రార్థిస్తున్నవాళ్లు నమ్మలేదు, నీకు పిచ్చి అన్నారు. అంత అరకొర నమ్మకంతో చేసిన ప్రార్థనే అది. కాబట్టి మా ఆవిడ బతికింది నా విశ్వాసం గొప్పదై కాదు, ఆ పెద్దాయన పోయింది ఆయన కూతురి విశ్వాసం చాలక కాదు. ఇది నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను. సాక్ష్యం చెప్పిన రోజు కూడా ముందు ఈ మాట చెప్పాకే మిగతాది చెప్పాను.

మత్తు తగ్గించిన రోజు తను కళ్లు తెరిచింది. ట్యూబ్ ఉండటంతో మాట రాదు, నర్సు ప్యాడ్ మీద కాగితం పెట్టి పెన్ను ఇచ్చింది. వంకర గీతల్లో "నీళ్లు" అని రాసింది. తాగనివ్వకూడదు కాబట్టి తడి స్పాంజితో పెదవులు అద్దారు. కొన్నాళ్లకు ట్యూబు తీశారు. ఆ తర్వాత కూడా తనకు పగలేదో రాత్రేదో తెలియని రోజులు నడిచాయి, మంచం దిగి నాలుగడుగులు వేయడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

అందరూ స్తోత్రం చెప్పుకుంటున్న సమయంలో నాకు భయం ఎక్కువైంది. ఇంటికొచ్చాక తను దగ్గితే చాలు, నా గుండె జారిపోయేది. అర్ధరాత్రి లేచి తన ఊపిరి వింటూ కూర్చునేవాణ్ణి. ఆపద గడిచాక ఇలా అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తల మీద గెలిచిన వెంటనే అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద పడి, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత ఆయనకు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడింది చాలా తర్వాత. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లాను. పెద్ద షాక్ తర్వాత ఇలా ఉంటుందని చెప్పి, కౌన్సెలింగ్‌కు పంపారు, కొన్నాళ్లు మందు వాడాను. నిద్ర దారిలో పడింది. రాత్రి దడ మొదలైతే ఆ రెండు ముక్కల ప్రార్థన ఇప్పటికీ వాడతాను.

ఆస్పత్రి నుంచి ఎవరైనా ఫోన్ చేసి ప్రార్థించమంటే, "తప్పకుండా చేస్తాం" అని పెట్టేయను. పేషెంటు పేరు, డాక్టర్ రౌండ్స్‌కు వచ్చే టైము అడిగి రాసుకుంటాను. ఫోన్లోనే రెండు నిమిషాలు ప్రార్థిస్తాను, వాళ్లు ఏడుస్తుంటే ఏడవనిస్తాను. భయపడకండి అని మాత్రం అనను. భోంచేశారా, రాత్రి ఎవరు తోడుంటున్నారు అని అడుగుతాను. తోడెవరూ లేరంటే మా గ్రూపులో గంటలు పంచుకుంటాం. రెండు నుంచి మూడు వరకు నా వంతు.