మిరప కోతల ఆదివారం

మార్చి, ఆదివారం. రాత్రి పది దాటింది.

ఉదయం ఎనిమిదిన్నరకు సండే స్కూలు గంట కొడితే వచ్చింది నలుగురు పిల్లలే. క్రిస్మస్ నెలలో ముప్పై మంది కిక్కిరిసి కూర్చున్న చాప మీద ఆ నలుగురూ ఒక మూలకు ఒదిగి కూర్చోవడం చూసి, లోపం నా పాఠంలోనే ఉందేమోనని నెల రోజులుగా నన్ను పీడిస్తున్న సందేహం మళ్లీ తలెత్తింది. నిజానికి కారణం మా ఖమ్మం వైపు అందరికీ తెలిసినదే. ఇది మిరప కోతల కాలం. కల్లంలో ఆరబోసిన కాయ తడుస్తుందేమోనన్న భయంతో రైతులు ఆదివారమైనా కూలీలను పిలుస్తారు, తల్లిదండ్రులు చీకటితోనే ఆటో ఎక్కుతారు, పెద్దపిల్లలు చంటిపిల్లలకు కాపలాగా ఇంట్లో ఉండిపోతారు.

ఆదివారపు బడి పుట్టిందే ఇటువంటి పిల్లల కోసమని నాకు ఈ రోజు గట్టిగా గుర్తుకొచ్చింది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు దానిని మొదలుపెట్టినప్పుడు, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక కనుక ఆ రోజును ఎంచుకొని, బైబిలుతో పాటు చదవడం కూడా నేర్పించారు. ఆయన పిల్లల తీరికను చూసి బడి పెట్టారు. మేము బడి వేళ పెట్టుకొని, పిల్లలు రాలేదని హాజరు పట్టీ చూసి బాధపడుతున్నాం. వేసవిలో పది రోజుల విబిఎస్‌కు (పిల్లల వేసవి సెలవుల బైబిలు బడికి) బిస్కెట్ పొట్లాల కోసం వచ్చిన వారందరినీ లెక్కపెట్టి సంఘం పెరిగిందని నివేదిక రాసుకోవడం కూడా ఇలాంటిదే. ఆ నివేదిక రాసేది నేనే కనుక ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆరాధన తరువాత, కోతలు ముగిసేదాకా బడిని సాయంత్రం ఏడింటికి పేటలోని వేపచెట్టు కింద పెడదామని కమిటీ ముందు అడిగాను. "గుడి ఉండగా చెట్టు కిందేమిటమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. దోర్నకల్ తొలి బిషప్ అజరయ్యగారి కాలంలో మన దోర్నకల్ డయాసిస్ (బిషప్ అధికారం కింది సంఘాల ప్రాంతం) పల్లెల్లో కూలి జనం పని దిగి వచ్చాక రాత్రిపూటే ప్రార్థనకు కూడేవారని మా పాస్టరు అయ్యగారు గుర్తుచేయడంతో ఆయన మరి మాట్లాడలేదు.

సాయంత్రం ఐదు రొట్టెలు, రెండు చేపలతో యేసు ఐదు వేల మందికి భోజనం పెట్టిన పాఠం చెప్పాను. ఈ అద్భుతం నాలుగు సువార్తల్లోనూ ఉన్నా, ఆ రొట్టెలు తెచ్చిన చిన్నవాడు కనిపించేది యోహానులోనే, అదీ పేరు లేకుండా. "టీచర్, వాడు సద్ది కట్టుకొని వచ్చాడా?" అని రెండో తరగతి పిల్లవాడొకడు అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటుండగా, పక్క అరుగు మీద కూర్చొని, ఘాటుకు మండుతున్న వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటున్న వాడి తల్లి, "సద్ది కట్టకుండా పిల్లోణ్ని అంత దూరం ఏ తల్లి పంపుతది?" అంది. ఆమె గుడికి వచ్చి ఎన్ని నెలలైందో. పదకొండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఆ రొట్టెలు కాల్చిన చేతుల గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ తరువాత పాఠం నా చేతుల్లో లేదు. రొట్టెలు యవలవా, మన జొన్నరొట్టెలా అని అరుగుల మీది తల్లులందరూ మాట కలిపారు.

ఆరాధన వేళ గేటు బయట బండి మీద కూర్చుంటాడని అందరూ తిట్టే డిగ్రీ కుర్రవాడు కంజీర తెచ్చాడు. వీధి దీపం ఆరిపోతే ఫోను లైటు పట్టుకొని నిలబడి, పిల్లలకు పల్లవి రెండుసార్లు పాడించాడు. యూత్ అంటే మాకు ఇన్నాళ్లూ క్రిస్మస్‌కు స్టార్ కట్టడానికీ, కుర్చీలు మోయడానికీ గుర్తొచ్చే వాళ్లు. "అక్కా, మట్టల ఆదివారం పాఠం నేను చెప్పనా?" అని అతనే అడిగాడు. పుస్తకం ఇచ్చేశాను. ఈస్టరుకు ముందు వచ్చే ఆ ఆదివారం పిల్లలు పట్టుకొనే ఈత మట్టలు తెచ్చే పని కూడా తనదేనన్నాడు.

హాజరు పట్టీలో పంతొమ్మిది పేర్లు పడ్డాయి. తల్లుల పేర్లకు అందులో గడి లేదు. అట్ట వెనుక రాసుకున్నాను, ఏడుగురు. మడిచిన చాప ఇంట్లోకి తెస్తే మిరప ఘాటుకు రెండుసార్లు తుమ్మాను.