యాక్సిడెంట్ తర్వాత థెరపీ: నా అనుభవం, కొంత మా ఆయనది కూడా

కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్ తేలిపోయింది, నా మెడనొప్పీ తగ్గింది. కానీ కారెక్కితే చాలు, పక్క సీట్లో కూర్చున్నా సరే, నా కుడికాలు బ్రేకు కోసం వెతుక్కునేది. సూర్యాపేట దాటాక 65వ నంబరు హైవే మీద వెనకనుంచి లారీ గుద్దింది, అంతకంటే వివరాలు ఇక్కడ అనవసరం. రాత్రి హారన్ వినిపించి లేచి కూర్చోవడం, టిఫిన్ సెంటర్ దగ్గర ఏ డీసీఎం వ్యానో కీచుమని ఆగితే చేతిలో ప్లేటు వదిలేయడం, విజయవాడలో పెళ్లిళ్లకి ఏదో సాకు చెప్పి ఎగ్గొట్టడం... ఇలా నెలలు గడిచాయి. "పెద్ద దెబ్బలేం తగల్లేదుగా, దేవుడి దయ" అనేవారు అందరూ. అత్తయ్య దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. నాకేం అభ్యంతరం లేదు, ఆవిడ కూడా భయపడే ఉన్నారు.

మొదట వెళ్లిన కౌన్సెలర్ కూర్చోగానే "జరిగిందంతా మొదట్నుంచీ చెప్పండి" అన్నారు. చెప్పాను. వణుకుతూనే చెప్పాను. టైమ్ అయిపోయిందన్నారు, ఎక్కువ ఆలోచించొద్దన్నారు, పంపించేశారు. ఆ రాత్రి అసలు నిద్రే లేదు. చెప్పుకుంటే మనసు తేలికవుతుందని మనమంతా నమ్ముతాం కదా, ట్రామా (ఇలా మనసుకి తగిలిన దెబ్బ) విషయంలో ఆ చెప్పుకోవడానికి ముందు చాలా పని ఉంటుందని నాకు రెండోచోట తెలిసింది.

రెండోసారి కాస్త వాకబు చేసి వెళ్లాను. ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదైన క్లినికల్ సైకాలజిస్టు, ఈఎమ్‌డీఆర్ అనే ట్రామా చికిత్సలో శిక్షణ ఉన్నావిడ. ఈ రెండూ ఫోన్‌లోనే అడిగేశాను, ఆవిడేం నొచ్చుకోలేదు. తెలుగులో మాట్లాడొచ్చా అని కూడా అడిగాను, ఇంగ్లీషులో ఏడవడం నా వల్ల కాదు. మొదటిరోజు యాక్సిడెంట్ గురించి ఒక్క వాక్యం చాలన్నారు. మిగతా టైమంతా నిద్ర, ఆకలి, చనిపోవాలనిపిస్తుందా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటారా, ఇలాంటి ప్రశ్నలు. మా ఆయన్ని బయట కూర్చోబెట్టే అడిగారు. ఇక్కడ చెప్పేది బయటికి పోదని, ప్రాణాపాయం లాంటివి ఉంటే మాత్రం మినహాయింపని, ఈ గోప్యత 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉందని చెప్పి సంతకం తీసుకున్నారు. ప్రమాదం తర్వాత తొలి వారాల్లో ఇలాంటివి చాలామందికి వస్తాయట, వాటంతటవే తగ్గుతాయట, నెల దాటినా ఉంటేనే పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య) కోణంలో చూస్తారట. నిద్ర మరీ ఘోరంగా ఉందని సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. మందులు రాసేది వాళ్లే, సైకాలజిస్టులు రాయరు.

తర్వాత చాలా సెషన్లు అసలు విషయం జోలికే పోలేదు. పాదాలు నేలకి ఆనించి కూర్చోవడం, కళ్ల ముందు కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పడం, మనసుకి నెమ్మదిగా ఉండే చోటు ఒకటి తలచుకోవడం. నేను అమ్మమ్మ వాళ్ల పెరట్లో గిలక బావి ఎంచుకున్నాను. సెషన్‌కి 2,000 పెట్టి బావి గురించి ఆలోచిస్తున్నానేంటి అని చిరాకేసింది కూడా. అదే మేడమ్‌తో అన్నాను. "గుండె దడ మొదలయ్యాక మీ అంతట మీరు తగ్గించుకోగలరా? అది వచ్చాకే లారీ దగ్గరికి వెళ్దాం" అన్నారు.

వెళ్లాం. ఈఎమ్‌డీఆర్ అంటే, 1980ల చివర్లో ఫ్రాన్సీన్ షపీరో అనే అమెరికన్ సైకాలజిస్టు రూపొందించిన పద్ధతి. అన్నిటికంటే బాధపెట్టే దృశ్యం ఒకటి మనసులో పెట్టుకుని, అప్పుడు మన గురించి మనకేమనిపిస్తోందో చెప్పాలి (నాది "నా చేతిలో ఏమీ లేదు"), బాధ ఎంతో 0 నుంచి 10 లోపు అంకె వెయ్యాలి. ఆపైన ఆవిడ వేళ్లు అటూ ఇటూ కదుపుతుంటే కళ్లతో వెంబడించాలి. కాసేపాగి "ఇప్పుడేం వస్తోంది?" అంటారు. వచ్చింది చెప్పాలి, విశ్లేషణ అక్కర్లేదు. మళ్లీ వేళ్లు. నాకు వచ్చినవి విచిత్రంగా ఉండేవి: పగిలిన అద్దం, దాని వెనకే ఎప్పుడో చిన్నప్పుడు ఆసుపత్రిలో నాన్న, తర్వాత ఊరికే భుజాల్లో బరువు. మొదట్లో 9 వేసిన దృశ్యానికి ఒకరోజు 3 వేస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనూ ఈ పద్ధతి ఉంది, కానీ కళ్లు కదపడం వల్లే పనిచేస్తుందా, లేక జ్ఞాపకాన్ని భద్రంగా మళ్లీ తలచుకోవడం వల్లా అని నిపుణుల్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. సెషన్ అయిన రోజు మాత్రం ఒళ్లు హూనమయ్యేది. ఆ సాయంత్రాలు వంట కర్రీ పాయింటే.

అసలు చిక్కు ఇంట్లో. కారులో నేను పైన హ్యాండిల్ పట్టుకుంటే మా ఆయన మొహం మాడిపోయేది. మాట ఉండదు, స్పీడు పెరిగేది, నేను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. జంటగా వేరే థెరపిస్టు దగ్గరికి వెళ్లమన్నారు మేడమ్, నన్ను చూసే తనే ఇద్దరినీ చూస్తే ఆయనకి అన్యాయంగా అనిపించొచ్చని. "నాకేమైనా పిచ్చా?" అన్నారు ఈయన. నాకు పిచ్చి అనుకుంటున్నావా అని నేను. అది అలా ఓ పూటంతా నడిచింది, చివరికి ఒక్కసారికే అని వచ్చారు.

ఆ థెరపిస్టు మేమిద్దరం చేసేదంతా కాగితం మీద గుండ్రంగా బాణాలతో గీశారు: నా చెయ్యి, ఆయన మౌనం, స్పీడు, మళ్లీ నా చెయ్యి. నేను హ్యాండిల్ పట్టుకుంటే "నీ వల్లే ఇదంతా" అని వినబడుతుందట ఆయనకి. ఆ రోజు డ్రైవ్ చేసింది ఆయనే. లారీ మీదకి రావడం అద్దంలో చూసింది కూడా ఆయనే, నేను చూళ్లేదు. ఈ మాట అప్పటిదాకా నాతో అనలేదు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది, ఏది ముందో చెప్పలేను.

అక్కడ కుదుర్చుకున్నవి చాలా మామూలు విషయాలు. లేన్ మారే ముందు ఆయన నోటితో చెప్తారు. నేను "ఆపు" అంటే ఎందుకని అడక్కుండా వీలైన చోట ఆపుతారు. మొదట పార్క్ చేసిన కారులో కూర్చోవడం, తర్వాత కాలనీ రోడ్లు, ఔటర్ రింగ్ రోడ్డు, ఆ తర్వాతే హైవే. ఒకసారి చౌటుప్పల్ నుంచి వెనక్కి తిరిగొచ్చేశాం, ఆయనేం అనలేదు.

డబ్బు సంగతి: మానసిక వ్యాధుల్నీ శారీరక వ్యాధులతో సమానంగా బీమాలో కవర్ చేయాలని ఆ 2017 చట్టమే చెప్తుంది, కానీ మా పాలసీలో ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యం) కవరే లేదు కాబట్టి థెరపీకి పైసా రాలేదు. ఫీజు కట్టే స్థితి లేనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీ ఉంది, ఆ పేరు చెప్తే నవ్వేవాళ్లని పట్టించుకోకండి.

మొన్న విజయవాడ వెళ్లొచ్చాం, పగటిపూట. రాత్రి ప్రయాణం ఇంకా నా వల్ల కాదు. జంట సెషన్లు ప్రస్తుతానికి ఆపాం, ఎందుకంటే ఇప్పుడు ఆయన ఒక్కరే సొంతంగా వెళ్తున్నారు. అక్కడేం మాట్లాడతారో నేను అడగను.