మా పెరటి బొడ్డుమల్లె విరగబూసింది

కడియం నర్సరీ నుంచి తెచ్చి నాటిన బొడ్డుమల్లె ఈ చైత్రంలో కొమ్మ కనిపించకుండా పూస్తోంది. సంక్రాంతి వెళ్లగానే అత్తయ్య కత్తెర పట్టుకుని కొమ్మలన్నీ మోకాలెత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేశారు. కొన్నాళ్లు నీళ్లు కూడా అంతంతమాత్రమే. ఆ మోడును చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. "మల్లె కొత్త చిగురుకే పూస్తుందమ్మా, ముదురు కొమ్మను నమ్ముకుంటే ఆకులే మిగులుతాయి" అనేవారు ఆవిడ. తర్వాత మాగిన పశువుల ఎరువు వేసి పాదు నిండా నీళ్లు పెట్టాక చిగుళ్లు తోసుకొచ్చాయి.

ఇప్పుడు చాలా చిగుళ్ల కొసన మూడేసి మొగ్గలు. నడిమి మొగ్గ పెద్దది, అదే ముందు విచ్చుకుంటుంది. దాని పక్కవి రెండూ అప్పటికి ఇంకా గట్టిగా, పచ్చగా ముడుచుకునే ఉంటాయి. పొద్దున లేత ఆకుపచ్చ చాయ ఉన్న మొగ్గ మధ్యాహ్నానికి తెల్లబడి ఉబ్బుతుంది. మాల కట్టాలంటే అప్పుడే కోయాలి, పొద్దుగూకితే రేకులు విచ్చుకుంటాయి. తడిపిన అరటినారతో అత్తయ్య కట్టే మాల ఎంత బిగువుగా ఉంటుందో! నా చేతికి ఆ పనితనం రావాలని ఎంతో ఆశగా ఉంది.

మందారం, నూరువరహాలు కూడా పూస్తున్నాయి, దేవుడి పటాలకు అవి చాలు. మల్లెలు మాత్రం సగమే కోద్దామని అడిగాను, అత్తయ్య సరేనన్నారు. ఆ వాసన వీధిలో వాళ్లకూ అందాలి కదా. తొలకరి పడగానే నేలంట్లు తొక్కుతాం, అంటే కొమ్మను నేలకు వంచి మట్టి కప్పి వేళ్లు పట్టిస్తాం. ఇరుగుపొరుగులో కావలసినవాళ్లు ఇప్పుడే చెప్పండి, మీ పేరున ఒక అంటు అట్టిపెడతాను.