వాన పడితే ఆగని చెత్త: మూసీ నాలా దగ్గర మా తేలే అడ్డు

మళ్లీ అదే కథ. మొన్న సాయంత్రం అరగంట దంచి కొట్టింది. హైదరాబాద్ బాపూఘాట్ దిగువన, చెత్త నదిలోకి పోకుండా నాలా మూతికి మేం కట్టిన తేలే అడ్డు కిందినుంచి చెత్త దర్జాగా మూసీలోకి వెళ్లిపోయింది. పైపు పగల్లేదు, తాడు తెగలేదు, ముడి జారలేదు. ఒళ్లు మండిపోయింది.

నాలా వెడల్పు 6 మీటర్లు, రెండు వైపులా కాంక్రీటు గోడ. అడ్డు 110 ఎంఎం పైపుది. దాని కింద 30 సెంటీమీటర్ల గ్రీన్ నెట్, నెట్ అంచుకు సన్న గొలుసు. మామూలు రోజున కొబ్బరిచిప్ప వదిలితే 10 మీటర్లు పోవడానికి 33 సెకన్లు, అంటే సెకనుకు 0.3 మీటర్లు. ఆ వేగంలో పాల ప్యాకెట్లు, థర్మకోల్ ప్లేట్లు, పూజ పూలు కట్టి పడేసిన కవర్లు అన్నీ బుద్ధిగా ఆగుతాయి. వాన తర్వాత చిప్ప 9 సెకన్లలో పోయింది. అంటే సెకనుకు 1.1 మీటర్లు!

సముద్రంలో చమురు తెట్టును ఆపేవాళ్ల లెక్క ఒకటుంది: అడ్డుకు ఎదురుగా తగిలే వేగం సెకనుకు 0.35 మీటర్లు దాటితే సరుకు కిందికి జారుకుంటుంది. చెత్తకూ ఇంచుమించు ఇంతేనని నా అనుమానం. ఎందుకంటే పూర్తిగా తేలే థర్మకోల్ ఆగింది, సగం మునిగిన కవర్లే పోయాయి.

రెండో అనుమానం నెట్ మీద. వరదలోనే కర్ర దించి చూశా. 30 సెంటీమీటర్లు వేలాడాల్సిన నెట్ వెనక్కి లేచిపోయి 11 దగ్గర ఉంది. బరువు గొలుసు వేద్దామంటే దానికీ హద్దుంది. మీటరుకు 3 కిలోలు కడితే పైపు సగం మునుగుతుంది, అప్పుడు థర్మకోల్ పైనుంచి దూకుతుంది. పైగా గ్రీన్ నెట్ కళ్లు బురదతో, వెంట్రుకలతో పూడిపోయి తెరచాపలా ఉబ్బుతోంది. గ్రీన్ నెట్ మొక్కలకు బాగుంటుంది, నాలాకు పనికిరాదు. ఇక కోళ్ల గూళ్లకు కట్టే కోడి జాలే.

ఎగువన గండిపేట చెరువు గేట్లు ఎత్తి మూసీ నిండుగా పారిన రోజు మాత్రం వాన పడ్డా ఒక్క కవరూ దాటలేదు. నది నీళ్లు నాలాలోకి వెనక్కి తన్ని వేగం చచ్చిపోయింది. కాబట్టి అసలు శత్రువు వేగమే.

అందుకే ఈసారి అడ్డంగా కాదు, ఏటవాలుగా కడతాం. గోడకు 20 డిగ్రీల కోణంలో పెడితే అడ్డుకు ఎదురుగా తగిలే వేగం 1.1 కాస్తా 0.38కి దిగుతుంది. 0.35 హద్దు అంచుమీదే, కానీ ఆశ ఉంది. పైపు 17.5 మీటర్లు కావాలి. చెత్త జారుతూ మెట్లున్న మూలకు చేరుతుంది, ఎత్తడమూ తేలిక. పైపుకు పెద్ద బ్రాండ్ అక్కర్లేదు, ఆశీర్వాద్ అయినా సుప్రీం అయినా తేల్చేది లోపలి గాలే కదా. మూతల దగ్గర మాత్రం ఎంసీల్ పిసినారితనం లేకుండా పెట్టాలి.

మేలు చేసే సూక్ష్మజీవులు కలిపిన మట్టి బంతులు వేస్తే నీళ్లు బాగుపడతాయని వాట్సాప్‌లో రోజూ ఒకరు పంపుతున్నారు. సెకనుకు మీటరు పారే నాలాలో బంతి వేస్తే అది ఏ వలిగొండలోనో తేలుతుంది. ఒడ్డున గేదెలు కడిగే పెద్దాయన మాటే నయం: "నెట్టు కడితే ఏమైతది బిడ్డా, పైన పారేసేటోళ్ల చేతులు కట్టుండ్రి."

ఒడ్డున పెట్టిన కానుగ మొక్కలు బతికాయి. ఘాట్ పక్క మడుగులో గుర్రపుడెక్క తీసేశాం.

ఈ ఆదివారం బేగంబజార్‌లో జాలి, గొలుసు కొనాలి. వానలు తగ్గాక అనంతగిరి నుంచి శంకర్‌పల్లి మీదుగా గండిపేట దాకా ఏటి వెంట నడవాలని ఉంది. 1920లో ఆనకట్ట కట్టిన ఆ చెరువుకు ఎగువన మూసీ ఇంకా ఏరులాగే ఉంటుంది. దారి గీసుకోవడానికి ఓఎస్మాండ్ మ్యాప్ యాప్ చాలు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఈసీ నది వైపు హిమాయత్‌సాగర్ నడక వేసవికి. అడ్డు కట్టడానికి వచ్చేవాళ్లు మోకాళ్ల దాకా వచ్చే గంబూట్లు తెచ్చుకోండి, చెప్పులతో వస్తే నాలాలోకి దింపను.