మూడు రంగుల కింద పెదనాన్న బండి

పాలకొల్లులో మా పెదనాన్న రాజ్‌దూత్ జీటీఎస్ 175కి మళ్లీ రంగు వేద్దామని ఆదివారం కూర్చున్నా. 1973లో ‘బాబీ’ సినిమాలో కనిపించాక బాబీ బండి అని పేరు పడిపోయిందే, అదే. ట్యాంకు మీద పెయింట్ రిమూవర్ రాసి కాసేపు ఆగితే నల్లరంగు అప్పడంలా పొంగింది. గీకితే కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు. ఒకచోట మాత్రం సొట్ట పూడ్చిన లప్పం, చిటికెనవేలు మందాన! కాలవగట్టు మీద పడ్డారా అనడిగితే పెదనాన్న నవ్వి ఊరుకున్నారు.

80 నంబరు ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, ప్రైమర్ రేపు కొడదాంలే అని బద్ధకించా. మన గోదారి గాలి ఊరుకుంటుందా? తెల్లారేసరికి కారప్పొడి చల్లినట్టు తుప్పు. మళ్లీ రుద్దుడే. ఈసారి ఆ పూటే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టేశా. గోళ్లలో ఎరుపు ఇంకా పోలేదు.