నోటు పుస్తకంలో గీసిన గీత

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. బట్టలు ఉతికి ఆరేశాను, అల్మారా సర్దాను. మిగతా పొద్దంతా కార్ల గోలే. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, హైబ్రిడ్ స్పోర్ట్స్ కార్లలో ఒక్కటే ఎంచుకోమంటే ఏదంటావ్?" అన్నాడు. ఆలోచించకుండా బీఎండబ్ల్యూ ఐ8 అనేశాను. అటు నుంచి కాసేపు మాట లేదు. "అది స్పోర్ట్స్ కారేంటక్కా! మూడు సిలిండర్ల ఇంజన్" అన్నాడు.

వాడన్నదీ నిజమే. వెనక టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) ఉన్న 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్, ముందు చక్రాలకు కరెంటు మోటార్ (ఇలా రెండూ ఉంటేనే హైబ్రిడ్), రెండూ కలిపితే 357 హార్స్‌పవర్. వంద కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. "నువ్వు బొమ్మ చూసి మాట్లాడుతున్నావు, పర్ఫార్మెన్స్ చూడట్లేదు" అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

మధ్యాహ్నం నోటు పుస్తకం తీసి, పేజీ మధ్యలో నిలువుగా గీత గీశాను. ఎడమ వైపు అందం, కుడి వైపు వేగం. ముందుగా 2013లో వచ్చిన ముగ్గురు పెద్దలు: పోర్షే 918 స్పైడర్, మెక్‌లారెన్ పీ1, లాఫెరారీ. కుడి వైపు చకచకా నిండిపోయింది. 918కి 887 హార్స్‌పవర్, పీ1కి 903, లాఫెరారీకి 950. పెట్రోల్ ముట్టకుండా బ్యాటరీ మీదే కొంత దూరం నడవగలిగేవి మొదటి రెండే. లాఫెరారీలో మోటార్ ఉన్నది 6.3 లీటర్ల వీ12 (పన్నెండు సిలిండర్ల) ఇంజన్‌కు తోడుగా నిలవడానికే.

ఎడమ వైపు రాయడానికి కూర్చున్నప్పుడే చిక్కొచ్చింది. పీ1 వెనక రెక్క అందంగా ఉంటుందని రాయబోయాను. కానీ రేస్ మోడ్‌లో కారు 50 మిల్లీమీటర్లు కిందికి దిగి, ఆ రెక్క 300 మిల్లీమీటర్లు పైకి లేచేది గాలి కారును నేలకు అదిమి పట్టడానికి. మరి దాన్ని ఏ వైపు రాయాలి?

ఆ తర్వాత 918 వెనక భాగం ఫొటో చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. దాని పొగ గొట్టాలు బంపర్ కింద ఉండవు. సీట్ల వెనక, ఇంజన్ మీద నుంచి రెండు గొట్టాలు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటాయి. ఇన్నేళ్లూ అది చూసేవాళ్ల కోసం చేసిన హంగు అనుకున్నాను. కాదు. ఇంజన్ వేడిని దగ్గరి దారిలో బయటికి పంపడానికి అలా పెట్టారు. బ్యాటరీకి వేడి పడదు కదా, అది దగ్గర్లోనే ఉంది. అంటే ఆ కారు రూపాన్ని మార్చింది దాని లోపలి హైబ్రిడ్ వ్యవస్థే! 2013 సెప్టెంబరులో జర్మనీలోని రేస్ ట్రాక్ నూర్‌బుర్గ్‌రింగ్ చుట్టును 6 నిమిషాల 57 సెకన్లలో పూర్తి చేసింది ఇదే. ప్రపంచమంతటా రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్న కార్లలో ఏడు నిమిషాల లోపు తిరిగిన మొదటిది ఇదేనని పోర్షే చెప్పుకుంది. ముగ్గురిలో హార్స్‌పవర్ తక్కువ దీనికే, బరువు ఎక్కువా దీనికే. అయితే ముందు చక్రాలకు కూడా మోటార్ బలం అందేది దీనికొక్కదానికే.

ఐ8ని మళ్లీ ఆ కంటితో చూశాను. వెనక అద్దం పక్కన గాలి దూరి పోయేలా విడిగా తేలే ఆ రెక్కలు, స్పోర్ట్స్ కారుకు ఉండాల్సినంత వెడల్పు లేని టైర్లు, సీట్ల మధ్య బ్యాటరీ కోసం ఎత్తుగా లేచిన గట్టు. అన్నిటికీ కారణం ఉంది. పైకి తెరుచుకునే తలుపులంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, కానీ అది వేరే సంగతి.

హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ దగ్గర మనసు కొంచెం ఒప్పుకోలేదు. ముందు చక్రాలకు చెరో మోటార్ పెట్టి, మలుపులో ఒక్కో చక్రానికి ఒక్కో బలం ఇచ్చి కారును తిప్పడమంటే ఎంత గొప్ప ఆలోచన! ఆ గొప్పతనం బయటి రేకు మీద ఎక్కడా కనిపించదు. 2024లో వచ్చిన పోర్షే హైబ్రిడ్ 911 జీటీఎస్ కూడా అంతే. 1.9 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ, టర్బో లోపలే ఒక మోటార్. చూడ్డానికి ఎప్పటి 911లాగే ఉంటుంది. అలా దాచడమే గొప్ప అనేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం లోపల జరిగేది బయటికి కనబడితేనే ఇష్టం.

సాయంత్రం నేనే ఫోన్ చేశాను. "నా జవాబు మార్చుకున్నానురా, 918" అన్నాను.

"చూశావా, నంబర్ల దగ్గరికే వచ్చావు!"

"నంబర్ల కోసం కాదు, ఆ పొగ గొట్టాల కోసం."

"ఏ గొట్టాలు?" అన్నాడు. వాడికి ఆ కారు నంబర్లన్నీ నోటికొచ్చు, గొట్టాలు మాత్రం ఎప్పుడూ గమనించలేదట. "ఉండక్కా, పెట్టేయకు" అంటూ ఫొటో వెతకడం మొదలుపెట్టాడు. చాలాసేపు కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత మెల్లగా, "అబ్బా..." అన్నాడు.